రెండో జత కళ్ళు

మా కెమిస్ట్రీ మేడం పోయారని మా అమ్మ ఫోను చేసి చెప్పింది. అప్పటికి ఉదయం తొమ్మిది దాటింది. నేను విశాఖపట్నంలో మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి కొలతలు నేర్పుతున్నాను. మా అమ్మ ఫోనులో ఎప్పుడూ అరుస్తుంది. సముద్రం పక్కన పుట్టిపెరిగిన మనిషి, నెమ్మదిగా మాట్లాడడం రాదు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించింది.

"ఒసే, మీ మేడమ్ పోయిందే. రేత్రి నిద్దట్లోనే పోయిందట. పాలాయన తలుపు కొట్టి కొట్టి పక్కింటోలని పిలిసినాడు. నాను సేపల గంప దింపేసి లోపలికెల్లి సూసొచ్చినాను. పడుకున్నట్టే ఉన్నాది."

"నువ్వెక్కడున్నావు?" అన్నాను.

"ఆలింటి ముందరే ఉన్నాను. ఏటి సెప్పమంతావు, ఈ ఇల్లు దాటి ఎల్లలేకపోతన్నాను."

ఆవిడ పేరు మీరు విని ఉండరు. విజయనగరంలో ఒక కాలేజీలో ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పి, ఒక శాలువా, ఒక గోడ గడియారం పుచ్చుకుని రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కరే ఉండేవారు. ఆవిడ మంచితనం గురించి నాలుగు మాటలు రాయమంటే చాలామంది రాస్తారు. నేను రాయడానికి కారణం వేరే. ఎనిమిది నెలల కిందట ఆవిడ ఇంట్లో, ఆవిడ పక్కన నిలబడి, నేనొక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం దిద్దుకోకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. కాబట్టి ఇది సగం స్మృతి, సగం ఒప్పుకోలు.

మేడం వాళ్ళ నాన్నగారు వీణ నేర్పేవారు. ముందుగదిలో గోడవార ఆయన వీణ గుడ్డ కప్పుకుని ఉండేది. మేడం దాని మీద దుమ్ము దులిపేవారు గాని తీగ ముట్టుకునేవారు కాదు. ఎందుకని ఒకసారి అడిగితే, "మా నాన్న చెవికి నేను ఆనలేదమ్మాయ్. అందుకని కళ్ళని నమ్ముకున్నాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆ మాట వెనక ఒక చిన్నపిల్ల చాలా ఏళ్ళు ఏడ్చి ఉంటుందని నాకనిపించింది.

కళ్ళని నమ్ముకోవడమంటే ఎలాంటిదో ఆవిడ ల్యాబులో చూడాలి. డిగ్రీలో మాకు సాల్ట్ ఎనాలిసిస్ ఉండేది. తెల్లటి పొడి ఏదో ఇస్తారు, మంటలో పెట్టి, ఆమ్లాల్లో వేసి, అదేమిటో కనుక్కోవాలి. మా సీనియర్లు ఏ సీసాలో ఏముందో ముందే చెప్పేసేవారు. బేరియం అని తెలిశాక మంట వైపు చూసేదెవరు? "లేత ఆకుపచ్చ మంట" అని రాసేసి సినిమాకి పోయేవాళ్ళు. మేడం దానికొక మందు కనిపెట్టారు. రికార్డు పుస్తకంలో ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ అని మూడు గడులు అచ్చయి ఉంటాయి. ఆవిడ మా అందరి చేతా స్కేలు పెట్టి నాలుగో గడి గీయించారు. దాని పేరు 'రెండో జత కళ్ళు'. ఏ రంగు చూశామని రాసినా పక్కవాళ్ళు కూడా చూసి, ఆ గడిలో సంతకం పెట్టాలి. లేకపోతే ఆ పరిశీలన లెక్కలోకి రాదు.

"ఒక్కళ్ళకి కనపడితే అది కల కావచ్చు. ఇద్దరికి కనపడితేనే రంగు" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు: "కనపడకపోతే కనపడలేదని రాయి. సిగ్గెందుకు? కనపడిందని రాయడానికి సిగ్గుపడు."

నాకొచ్చిన చిక్కల్లా పక్కవాళ్ళు లేకపోవడం. మాది పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున పల్లె. నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు, అమ్మ తెల్లవారకముందే గంప నెత్తినెట్టుకుని విజయనగరం వచ్చి వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. నేనూ అమ్మతోనే అదే బస్సులో వచ్చేదాన్ని. ఎంత సబ్బు రాసుకున్నా నా జడలో ఎండుచేపల వాసన ఉండేదట. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నా బెంచీ దగ్గరికి వచ్చేవారు కాదు, అంతే. మొదటి ప్రాక్టికల్ రోజున అందరి నాలుగో గడులూ నిండాయి, నాది ఖాళీగా ఉంది. మేడం వచ్చి చూశారు. ఎవరినీ మందలించలేదు, నీతులు చెప్పలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, "ఏదీ, మళ్ళీ పెట్టు మంటలో" అన్నారు. మంట చూశారు. జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. పొట్టి సంతకం ఒకటి గిలికారు. ఆ మూడేళ్ళూ నా రికార్డుల్లో రెండో జత కళ్ళు మేడంవే.

జెల్లీచేపల గొడవ రెండో ఏడాదిలో జరిగింది. ఒక సముద్ర జీవిలో ఊదా కాంతి పడగానే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీను ఉంటుందని క్లాసులో చెప్పారు. దాని బొమ్మ చూపించగానే నేను లేచి నిలబడ్డాను.

"మేడం, అది మా వలలో పడతాది. దురద పుట్టిస్తాదని మా నాన్న ఒడ్డున పారబోసేస్తాడు."

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "పారబోయకుండా ఒకటి తేగలవా?" అన్నారు.

తేగలనా అంటే? మర్నాడు చేపల బకెట్లో మూడు జెల్లీచేపల్ని సముద్రపు నీళ్ళతో సహా పోసుకుని, పైన గోనెగుడ్డ కప్పి బస్సెక్కాను. కండక్టరు తిట్టాడు. మార్చి నెల ఎండ. కాలేజీకి చేరేసరికి బకెట్లో జెల్లీచేపలు లేవు, జిగట నీళ్ళు మిగిలాయి. కంపు మాత్రం మొత్తం చేరింది. ప్రిన్సిపాల్‌గారు వరండాలో నిలబడి ముక్కు మూసుకుని అరుస్తుంటే, మేడం నన్నూ బకెట్నీ చీకటి గదిలోకి తోసి తలుపేసి, ఊదా దీపం వేశారు. ఇద్దరం బకెట్లోకి తొంగి చూశాం. చాలాసేపు చూశాం. ఏమీ లేదు. ఆ రోజు నా రికార్డులో రాయించిన మాటలు నాకింకా కంఠతా వచ్చు. పరిశీలన: వెలుగు కనపడలేదు; కంపు స్పష్టంగా ఉంది. నిర్ధారణ: జెల్లీచేపను బస్సులో తేరాదు. పక్క గడిలో ఆవిడ సంతకం.

తర్వాత ఆవిడే పుస్తకాలు తిరగేసి, ఆ వెలిగే జాతి మన సముద్రంలోది కాదనీ, ఎక్కడో చల్లటి నీళ్ళలో ఉంటుందనీ తెలుసుకున్నారు. "మనది కాదటమ్మాయ్. పోనీలే. ఎప్పుడో ఒకప్పుడు ఆ వెలుగు ఇద్దరం చూద్దాం" అన్నారు. ఆ మాట మీద నేను ఎమ్మెస్సీ చదివాను, పీహెచ్‌డీ చేశాను. వినడానికి అతిగా ఉంటుంది గాని, నిజం.

మా అమ్మ బకెట్ సంగతి తెలిసి మేడం ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళింది. గంప గేటు బయట దింపి, "అమ్మా, మా పిల్ల తెలీక సేసింది, సదువు మానిపించీకండి" అంది. మేడం గేటు తీసుకుని బయటికొచ్చి గంపలోకి చూశారు. ఆ రోజు నుంచి అది అలవాటైపోయింది. అమ్మ ఆ వీధికి వచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఆగేది. మేడం వచ్చి చేపల మొప్పలూ పొలుసులూ ఒక్కొక్కటే పరీక్షగా చూసేవారు. ఒకనాడు మా అమ్మ ఉండబట్టలేక, "మీరు తినరు, కొనరు. మరి దినామూ గంపలోకి ఏటి సూత్తారమ్మా?" అని అడిగేసింది.

"రంగులు చూస్తున్నాను."

"సూసుకోండి మరి. రంగులకి డబ్బులేటి," అంది మా అమ్మ. వాళ్ళిద్దరి స్నేహానికి అంతకంటే మాటలు అక్కర్లేకపోయాయి.

పీహెచ్‌డీలో నాకు దొరికిన పని ఆ వెలిగే ప్రోటీనులో ప్రోటాన్ ఎలా చేతులు మారుతుందన్నది. సెలవులకి వచ్చినప్పుడు మేడంకి చెప్పబోయాను. కొత్తగా నేర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ గుప్పించాను. ఆవిడ పూర్తిగా విని, లోపలికెళ్ళి వాళ్ళమ్మగారి వామనగుంటల పీట, ఒక డబ్బాడు చింతగింజలు తెచ్చి నా ముందు పెట్టారు. "ఇప్పుడు చెప్పు. గింజ అంటే ప్రోటాన్. ఏ గుంటలో ఎన్ని?"

పెద్ద మాటలు పక్కన పెట్టి, నిదానంగా చెప్పాను. ఆ ప్రోటీను ఒక చిన్న పీపాలా ఉంటుంది. పీపా మధ్యలో రంగునిచ్చే ముక్క ఒకటి, దానికి అంటిపెట్టుకుని ఒక ప్రోటాన్. అది మొదటి గుంట, అందులో ఒక గింజ. పక్కన ఒక నీటి అణువు, దానికి సొంతంగా రెండు గింజలు. ఆ పక్కన సెరిన్ అనే అమైనో ఆమ్లం, దాని చేతిలో ఒక గింజ. చివర గ్లుటమేట్ అనే ఇంకొకటి, అది ఖాళీ గుంట. చీకట్లో ఎవరి గింజ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఊదా కాంతి తగలగానే మొదటి గుంటకి తన గింజ మీద పట్టు సడలిపోతుంది. దాన్ని నీటికి ఇచ్చేస్తుంది. నీరు తన గింజని సెరిన్‌కి, సెరిన్ తన గింజని చివరి గుంటకి. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, ఏ పదో ముక్కకో ఇదంతా అయిపోతుంది. గింజ వదిలేసిన ఆ మొదటి ముక్కే ఆకుపచ్చగా వెలుగుతుంది. వెలిగాక మళ్ళీ గింజలు వెనక్కి జరిగి ఎవరి గుంట వాళ్ళకి నిండుతుంది.

"వదలకపోతే?"

"నీలంగా, ఉండీ లేనట్టుగా మినుకుమంటుంది మేడం."

"ఇవ్వకపోతే నీలం, ఇస్తే పచ్చ. బాగుంది" అన్నారు. తర్వాత వంటింట్లోంచి వేలి చివర కాస్త సున్నం తెచ్చి మొదటి గుంటలో గింజకి చుక్క పెట్టారు. ఆట మళ్ళీ ఆడించారు. చివరి గుంట నిండింది. చుక్క గింజ మాత్రం నీటి గుంటలోనే ఆగింది.

"చూశావా, నీ ప్రోటాన్ ఒక్క అడుగే వేసింది. దూరం వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ పక్కవాళ్ళకి ఇచ్చారు, అంతే. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం." చాలా సంతోషంగా నవ్వారు. అంతలోనే నవ్వాపి, "తిరిగి ఇచ్చేటప్పుడు నీటి దగ్గర రెండు గింజలుంటాయి కదా. చుక్క గింజే ఇంటికి వస్తుందా, రెండోదా?" అని అడిగారు.

"తెలీదు మేడం. ఏదైనా ఒకటే. గుంట నిండితే చాలు, దానికి తేడా తెలీదు."

"అదృష్టవంతురాలు" అన్నారు మేడం, గింజలు డబ్బాలో పోసుకుంటూ. ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు.

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పాను. పుల్లటి ద్రవంలో ఈ ప్రోటీను వెలగదు. పులుపంటేనే ప్రోటాన్లు. బయట అవి కిక్కిరిసి ఉంటే లోపలి ముక్క తన ప్రోటాన్ వదల్లేదు, పీపా కూడా సడలిపోతుంది. పులుపు విరిచేస్తే పీపా మళ్ళీ బిగుసుకుని వెలుగు తిరిగొస్తుంది. "అంటే చారులో వేస్తే ఆరిపోతుందన్నమాట" అన్నారావిడ. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ ముక్క నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చాక మేడం ఇల్లు నాకు రైల్లో గంటన్నర దూరం. గంటన్నర దూరంలో ఉన్నవాళ్ళని చూడడమే కష్టం. ఎప్పుడైనా వెళ్ళొచ్చనుకుంటాం. నా ఫ్రిజ్ నిండా ఆ ప్రోటీను సీసాలుండేవి. ఒకటి పట్టుకెళ్ళి చూపించడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. అది కూడా ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని మా అమ్మ చెప్పాకే. "మీ మేడమ్‌కి సూపు ఆనట్లేదే. నా గంపలో కానాగంతలకీ కవ్వళ్ళకీ తేడా తెలీట్లేదు" అందామె. అప్పుడు కదిలాను, అదీ రెండు నెలలకి.

ఆ రోజు శుక్రవారం. చిన్న సీసాలో ప్రోటీను, దొంగనోట్లు పట్టుకోవడానికి కొట్లలో వాడే ఊదా టార్చి ఒకటి సంచిలో వేసుకుని ప్యాసింజరు ఎక్కాను. కొత్తవలసలో ఖనిజం మోసే గూడ్సు బళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతుంటే మా బండి గంటకు పైగా ఆగింది. మేడం ఇంటికెళ్ళి సీసా తీస్తే మూత వదులై అంతా సంచిలోకి కారిపోయింది. అడుగున బఠాణీ గింజంత మిగిలింది. పరవాలేదు, ఒక చుక్కైనా వెలుగుతుంది, కాస్త నీళ్ళు కలిపితే చాలు అనుకున్నాను. పూజ గట్టు మీద రాగి చెంబు మెరుస్తూ కనపడింది. అందులో నీళ్ళు సీసాలో సగం దాకా వంచాను. ఉప్పుల ద్రావణాలు గ్రాములతో తూచి కలిపే నేను, పద్ధతిగా ఇంకొకళ్ళకి నేర్పే నేను, ఆ పని చేశాను.

సామాన్ల గదిలో తలుపు మూసి టార్చి వేశాను. సీసా ఊదాగా ఉంది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఒకసారి కదిపాను. ఇంకోసారి కదిపాను. నా చెవుల్లో ప్రిన్సిపాల్‌గారి అరుపు వినపడింది. పక్కన మేడం ఊపిరి వినపడుతోంది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, పాత చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూసిన దాని కోసం మెడ ముందుకు చాచి నిలబడ్డారు. ఆవిడకి ఎలాగూ సరిగ్గా కనపడదు కదా అనుకున్నాను. నా మనసులో సరిగ్గా ఈ మాటే అనుకున్నాను, దాచను.

"వెలుగుతోంది మేడం."

ఆవిడ సీసాకి ఇంకాస్త దగ్గరగా జరిగారు. "నీకు కనపడుతోందా?" అన్నారు.

"కనపడుతోంది. మంచి ఆకుపచ్చ."

"సరే అయితే" అన్నారు. అంతే. నాకు కనపడిందని గాని, లేదని గాని అనలేదు. బయటికొచ్చి నాకు అటుకుల ఉప్మా చేసి పెట్టారు. సీసా ఇక్కడే ఉంచమన్నారు. టార్చి కూడా ఇచ్చేశాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, పెద్దావిడ సంతోషం కోసం ఒక్క మాట అబద్ధమాడితే ఏమైందని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. నచ్చలేదు.

ఆ తర్వాత నేను వెళ్ళలేదు. ఆవిడ మొహం చూడడానికి సిగ్గేసింది. ఫోన్లో రెండుసార్లు పిలిచారు. "ఒక్కసారి రావాలమ్మాయ్. ఇద్దరం ఉంటేగానీ అవని పనొకటి ఉంది" అన్నారు. ఇంటి కాగితాలేవో అయ్యుంటాయనుకున్నాను. పరీక్షలయ్యాక వస్తానన్నాను, వానలు తగ్గాక వస్తానన్నాను. వానలు తగ్గాయి. మా అమ్మ ఒకసారి తిట్టింది కూడా: "ఆయమ్మ గేటు కాడ నిలబడి నీకోసం అడుగుతన్నాది. ఎల్లవేటే? కాల్లిరిగినాయా?" ల్యాబులో పనెక్కువగా ఉందన్నాను. అదీ అబద్ధమే. ఒక అబద్ధం కాపలాకి ఇంకోటి.

పదకొండో రోజుకి వెళ్ళాను. గజపతినగరం నుంచి మేడం తమ్ముడి కొడుకు వచ్చి కర్మ చేస్తున్నాడు. మంచివాడు. ఇల్లు సర్దే హడావుడిలో నా దగ్గరికొచ్చి, "ఫ్రిజ్‌లో ఒక చిన్న సీసా ఉందండి. 'అమ్మాయి వచ్చాక' అని చీటీ అంటించి ఉంది. మీరేనా ఆ అమ్మాయి? మందేమో అని పారబొయ్యలేదు" అన్నాడు. సీసా, దానితో పాటే ఫ్రిజ్ పైన దొరికిన రికార్డు పుస్తకం, టార్చి నా చేతిలో పెట్టి, భోక్తలు వచ్చే వేళయిందని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రికార్డులో నాలుగు గడులూ గీసి ఉన్నాయి. రిటైరై ఇన్నేళ్ళయినా ఆవిడ స్కేలు పెట్టే గీశారు. ఆ శుక్రవారం తారీఖు వేసి ఉంది.

ప్రయోగం: అమ్మాయి తెచ్చిన ప్రోటీనుపై ఊదా కాంతి. పరిశీలన: నాకు వెలుగు కనపడలేదు. కుడి కన్ను ఆపరేషనై నెల అయింది, చూపు బాగుంది. అమ్మాయి కనపడిందంది. నిర్ధారణ: కనపడలేదు. నేను బాధపడతానని అలా అంది. నాలుగో గడి ఖాళీ.

ఆపరేషన్ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ చీకటి గదిలో ఆవిడ నాకంటే బాగా చూశారు. సీసానీ చూశారు, నన్నూ చూశారు.

కింద రెండు రోజుల తర్వాతి తారీఖు వేసి ఆవిడ రాసిందిది: తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచించాను. చెంబు శుక్రవారం చింతపండుతో తోమినది. కంటి డాక్టరు వంగవద్దన్నందున పైపైన కడిగాను. అడుగున గుజ్జు మిగిలింది. నాలిక మీద వేసుకుని చూశాను, నీళ్ళు పుల్లగా ఉన్నాయి. పులుపులో వెలగదని అమ్మాయే చెప్పింది. తప్పు అమ్మాయిది కాదు, చెంబుది. పులుపు విరగడానికి సున్నపు తేట తీసి ఉంచాను. రెండు చుక్కలు వేసి చూడాలి.

ఆ కింద ఒకే ఒక్క వాక్యం: ఒక్కదాన్నీ చూడకూడదు, అమ్మాయి రావాలి.

ఎనిమిది నెలలు. ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట పక్కన సీసా ఉంది, గూట్లో సున్నపు తేట ఉంది, చేతిలో టార్చి ఉంది. రెండు చుక్కల పని. ఏ మధ్యాహ్నమైనా సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చూసేసుకోవచ్చు. ఇరవయ్యేళ్ళు ఎదురుచూసిన వెలుగు. ఆవిడ చూడలేదు. నాకు నాలుగో గడి గీయడం నేర్పిన మనిషి, తన నాలుగో గడి నాకోసం ఖాళీగా ఉంచి పోయారు. నేను వానలు తగ్గాలన్నాను.

గూట్లో సున్నపు తేట అలాగే ఉంది, పైన పలచటి పొర కట్టింది. పొర పక్కకి జరిపి చుక్కల గొట్టంతో తీశాను. సామాన్ల గదిలోకెళ్ళి తలుపు మూశాను. బయట మిట్టమధ్యాహ్నం, పెరట్లో వంటవాళ్ళ గిన్నెల చప్పుడు. సీసాలో రెండు చుక్కలు వేసి కదిపి టార్చి నొక్కాను. మొదట ఏమీ లేదు. కనపడకపోతే కనపడలేదనే రాయాలని గట్టిగా అనుకున్నాను. ఆ మాట అనుకుంటూ ఉండగానే సీసా అడుగున ఒక మసక మొదలైంది. పొగమంచు లాంటి పచ్చదనం. నిమిషం గడిచేసరికి అది పైకి పాకి, అరటి మొవ్వు రంగుకి వచ్చి నిలబడింది. చింతపండు పులుపులో ఎనిమిది నెలలు ముడుచుకుని పడున్నది మళ్ళీ తన గింజని పక్కవాళ్ళకి ఇవ్వడం, తిరిగి పుచ్చుకోవడం మొదలుపెట్టింది.

"మేడం" అన్నాను. అలవాటుగా పక్కకి తిరిగి, గట్టిగానే అన్నాను. పక్కన బియ్యం డబ్బా ఉంది.

ఆ ఇంట్లో ఆ వేళ పాతికమంది ఉన్నారు. తమ్ముడి కొడుకుని పిలవచ్చు. గేటు దగ్గర మా అమ్మ కూర్చుని ఉంది, ఆమెని పిలవచ్చు. ఎవరి కళ్ళయినా కళ్ళే, ఎవరు చూసినా రంగు రంగే. ఆ మొదటి గుంటకి ఏ గింజైనా ఒకటే. నాకు కాదు. నేనెవరినీ పిలవలేదు.

ఆవిడ పెన్ను రికార్డులోనే ఉంది. మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని, ఆవిడ ఆఖరి వాక్యం కింద తారీఖు వేసి రాశాను. ప్రయోగం: సున్నపు తేట రెండు చుక్కలు. పరిశీలన: ఆకుపచ్చ. నేను చూశాను. నిర్ధారణ దగ్గర చాలాసేపు ఆగి, ఆ రోజు కనపడలేదు మేడం, అని రాశాను. తర్వాత పెన్ను మూత పెట్టేసి, సీసాని పుస్తకానికి దగ్గరగా జరిపి, టార్చి మీద వేలు తియ్యకుండా, ఆ లేత పచ్చటి వెలుగు పడుతున్న నాలుగో గడి వైపు చూస్తూ కూర్చున్నాను.